పేరు చెక్కిన బిందె కారితే వెనక్కి తీసుకోవాలా?

స్టీలుసామాను, తిరుపతి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాకు పాత్రల అంగడి ఉంది. నాన్న ముప్పై ఏళ్లు నడిపారు. మోకాళ్ల నొప్పులతో ఆయన మెట్లు దిగడం మానేశాక, రెండేళ్లుగా గల్లాపెట్టె ముందు నేను కూర్చుంటున్నాను. స్టీలు, ఇత్తడి, రాగి పాత్రలు, కుక్కర్లు, దోసె పెనాలు, దీపపు కుందులు అమ్ముతాం. పనివాళ్లు నలుగురు. గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని పాత్రల మీద పేర్లు చెక్కే ఆయన ఒకరు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఒకామె గోనెసంచిలో బిందె పెట్టుకుని వచ్చింది. పది రోజుల ముందు కూతురి పెళ్లి సామానంతా మా దగ్గరే కొన్నది. ఆ రోజు గుండిగలు, పళ్లాలు, గ్లాసులు తూకం వేయించి బిల్లు రాసింది నేనే. బిందె నడుము దగ్గర అతుకులో సన్నగా నీళ్లు కారుతున్నాయట. దాని భుజం మీద ‘చి.ల.సౌ.’ అని మొదలుపెట్టి కూతురి పేరు చెక్కి ఉంది.

నేను భోజనానికి మేడ మీదికి వెళ్లి దిగి వచ్చేసరికి మా పెద్ద పనివాడు ఆమెతో “పేరు చెక్కిన పాత్ర వెనక్కి తీసుకోమమ్మా, బిల్లు మీద రాసే ఉంది” అంటున్నాడు. గొంతు పెంచలేదు, కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆమె కూడా గొడవ పడలేదు. బిందెను మళ్లీ సంచిలో పెట్టి, మూతి ముడి వేసి, మెట్లు దిగింది. పిలవాలనుకున్నాను. అప్పుడే కాంచీపురం నుంచి వచ్చిన యాత్రికులు ఎనిమిది మంది ఇత్తడి దీపాలు కావాలంటూ లోపలికి వచ్చారు. వాళ్లకు దీపాలు తీయించి, ధరలు చెప్పి తలెత్తేసరికి వీధిలో ఆమె కనిపించలేదు.

రాత్రి అంగడి కట్టేసే ముందు అడిగాను. “పేరు చెక్కిన బిందె మళ్లీ ఎవరికి అమ్ముతామమ్మా?” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. బిల్లు అడుగున నాన్న ఎప్పుడో అచ్చు వేయించిన వాక్యం ఉంది: ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు.’ రెండేళ్లుగా ఆ బిల్లులు నేనే చింపి ఇస్తున్నాను. ఒక్కసారి కూడా చదివి ఆలోచించలేదు.

మా ఊరి వ్యాపారం గురించి ఒక విషయం చెప్పాలి. మా అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది దర్శనానికి వచ్చినవాళ్లు. రాగి చెంబో, పూజ పళ్లెమో కొని, సాయంత్రానికి బస్సో రైలో ఎక్కుతారు. కొన్నది బాగోలేకపోయినా సేలం నుంచో తుమకూరు నుంచో మళ్లీ రారు. ఆ సంగతి పనివాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే కుక్కరు పెట్టె విప్పి మూత బిగించి చూపడం, దీపం మరలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసి ఇవ్వడం మెల్లమెల్లగా మానేశాం. తిరిగి రాని మనిషితో అలవాటైన తీరు, చంద్రగిరి నుంచో శ్రీకాళహస్తి నుంచో మూడు తరాలుగా వచ్చే మనిషి దగ్గరా బయటపడుతోంది. ఆ బిందె ఆమె మా ఊరి చుట్టుపక్కల మనిషే.

ఎయిర్ బైపాస్ రోడ్డులో పెద్ద పెద్ద దుకాణాలు వచ్చాయి. చల్లగా ఉంటాయి, లోపల అడుగుపెట్టగానే నమస్కారం పెడతారు. మాకు ఆ హంగులు లేవు. మనుషుల్ని గుర్తుపెట్టుకుని మాట్లాడటం ఒక్కటే మాకున్న బలం. అదీ పోగొట్టుకుంటున్నామని భయంగా ఉంది.

దుకాణాలు నడిపేవాళ్లు, వాటిలో పని చేసేవాళ్లు, కొనేవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి. ఇలాంటి బిందెను వెనక్కి తీసుకోవాలా? తీసుకుంటే ఆ నష్టం ఎవరు భరించాలి? నేను లేనప్పుడు ఆ మాట చెప్పే అధికారం పనివాడికి ఎంతవరకు ఇవ్వాలి?

---

చర్చివీధి, చిత్తూరు

అమ్మా, మాది చిత్తూరు చర్చి వీధిలో చెప్పుల దుకాణం. మీ బాధ అర్థమైంది. కానీ రెండో వైపు కూడా చెప్పకపోతే ఈ చర్చ పూర్తి కాదు.

వాపసు తీసుకుంటామని బోర్డు పెట్టి చూశాను. పెళ్లికి కొత్త జత కొని, మూడు రోజులు తొడిగి, అడుగు భాగం తడిగుడ్డతో తుడిచి తెచ్చేవారు. “ఒక్కసారి కూడా వేయలేదు” అని పిల్లల ముందే చెప్పేవారు. తోలులో పడిన ముడత అబద్ధం ఆడదు కదా! ఆ చెప్పులను నేను సగం ధరకు అమ్ముకోవాలి. ఇంటర్నెట్‌లో కొన్నది నచ్చకపోతే మనిషి ఇంటికి వచ్చి తీసుకెళ్తున్నాడు కాబట్టి మా దగ్గరా అదే ఆశిస్తున్నారు. ఆ కంపెనీల వెనక ఉన్న పెట్టుబడి నా వెనక లేదు. పాత్రల వాళ్లకూ ఇదే తలనొప్పి ఉంటుందని నా అనుమానం. గృహప్రవేశానికి పెద్ద గుండిగ కొని, వంట అయ్యాక “సైజు సరిపోలేదు” అంటూ తెచ్చేవాళ్లు లేరా?

మీ బిందె సంగతి వేరు. అది కారుతోంది. దాన్ని తీసుకోవలసిందే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్కదాని కోసం నియమం మొత్తం ఎత్తేస్తే మీ అంగడి ఏడాది నిలవదు. లోపం ఉన్న సరుకు ఒకటి, మనసు మార్చుకున్న సరుకు ఇంకొకటి. ఈ రెండింటినీ పనివాడు విడదీయగలిగితే చాలు.

---

కోర్టువీధి, చిత్తూరు

నేను న్యాయవాదిని. పై మిత్రుడు చేసిన విభజన చట్టంలో ఉన్నదే. దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, అది 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులు ఏవో చెబుతుంది. కొత్తగా చేర్చిన వాటిలో మూడు మీలాంటి దుకాణాలకు నేరుగా సంబంధించినవి. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం మొదటిది. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం రెండోది. దీనికి బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు, ఏమీ రాయకపోతే 30 రోజులు వర్తిస్తుంది. కొనుగోలుదారు నమ్మి చెప్పిన వ్యక్తిగత వివరాలను చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు ఇవ్వడం మూడోది.

ఆమె పదో రోజున వచ్చింది. బిందె అతుకులో కారడం తయారీలో వచ్చిన లోపం. పాత్ర మీద పేరు చెక్కి ఉందా లేదా అన్న తేడా ఆ నిబంధనలో ఎక్కడా లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని మీ నాన్నగారు అచ్చు వేయించిన వాక్యం లోపభూయిష్టమైన సరుకు విషయంలో మిమ్మల్ని కాపాడదు. తర్వాతి బిల్లు పుస్తకం అచ్చు వేయించేటప్పుడు దాన్ని తీసేయండి. ‘లోపం ఉంటే ఇన్ని రోజుల్లో తీసుకురండి’ అని వేయించండి. రోజుల సంఖ్య కొనేవాళ్లకు నిజంగా వీలయ్యేదిగా ఉండాలి. నచ్చలేదని తెచ్చే మంచి సరుకును మార్చాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టానికి సంబంధించిన వ్యాపార నిర్ణయం. చెప్పుల దుకాణం మిత్రుడి భయానికి అక్కడ చోటు ఉంది.

ఆమె తలుచుకుంటే ఏం చేయగలదో కూడా చెబుతాను, మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. 2019 చట్టం వచ్చాక, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ల వరకు గడువు ఉంటుంది. వకీలు లేకుండా తానే వాదించుకోవచ్చు. నా అనుభవంలో బిందె కోసం ఎవరూ అంత దూరం రారు. రారన్న ధీమాతోనే చాలా దుకాణాలు ఆ వాక్యాన్ని ఇంకా అచ్చు వేస్తున్నాయి. నాకు కోపం తెప్పించేది అదే.

---

పీలేరు టీచరు

చిన్న మాట. పదకొండేళ్ల క్రితం మా ఊళ్లో ఒక అంగడిలో కుక్కరు కొన్నాను. నెల తిరగకుండానే పిడి వదులైంది. తీసుకెళ్తే ఆయన ఏమీ అడగకుండా కొత్త పిడి బిగించి, “రబ్బరు కూడా గట్టిపడింది, ఇదీ మార్చేస్తాను” అన్నాడు. ఆ రబ్బరు అప్పట్లో నలభయ్యో యాభయ్యో. అప్పటినుంచి మా ఇంటికి, మా అక్క ఇంటికి, స్కూల్లో మధ్యాహ్న భోజనం గిన్నెలకు కూడా ఆయన అంగడే. ఆయన పెద్దగా నవ్వే మనిషి కూడా కాదు.

---

మడతచీర, తిరుపతి

అమ్మా, నేను ముప్పై ఎనిమిదేళ్లు బట్టల దుకాణంలో అమ్మకాలు చేసి మానేసిన మనిషిని. గాంధీ రోడ్డులో మొదలుపెట్టాను. అప్పట్లో కౌంటర్లు లేవు. పరుపు మీద తెల్ల దుప్పటి పరిచి, కొనేవాళ్లూ మేమూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. చీర విప్పడం కన్నా మడత పెట్టడం కష్టమైన పని. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచి వెళ్లినా ముఖంలో ఏమీ కనిపించకూడదని మా యజమాని మొదటి రోజే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, రాత్రి మాతో పాటు తానూ కూర్చుని మడతలు పెట్టేవారు.

మీరు అడిగిన మూడో ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది. పనివాడికి ఎంతవరకు అధికారం ఇవ్వాలి అన్నారు కదా! నేను చేరిన కొత్తలో మా యజమాని ప్రతి పనివాడికి ఇరవై రూపాయల వరకు సొంత నిర్ణయం ఇచ్చారు. అంచు చిరిగిందనో, రంగు దిగిందనో ఎవరైనా వస్తే, ఇరవై రూపాయల లోపు తగ్గించవచ్చు, తిరిగి ఇవ్వవచ్చు, మార్చవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. అంతకు మించితే యజమాని దగ్గరికి పంపాలి. నేను మానేసే నాటికి అది మూడు వందలు అయింది. ఆ హద్దు తెలిసిన పనివాడు కొనేవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడతాడు. హద్దు తెలియనివాడు బిల్లు మీది అచ్చు అక్షరాలను చూపిస్తాడు. మీ పనివాడు చేసింది అదే. అతన్ని నేను తప్పు పట్టలేను.

రెండోది, తిరుగు సరుకు పుస్తకం. వెనక్కి వచ్చిన ప్రతి గుడ్డ గురించీ మేం అందులో రాసేవాళ్లం: ఏ రోజు అమ్మాం, ఏ రోజు వచ్చింది, ఏం లోపం, ఏ మగ్గం సరుకు. ఎవరు అమ్మారో మాత్రం రాయనిచ్చేవారు కాదు. ఒకసారి ఒక ఊరి సరుకులో ఎరుపు రంగు చీరలు నాలుగు వరుసగా వచ్చాయి. యజమాని ఆ పుస్తకం పట్టుకుని స్వయంగా వెళ్లి, ఆ మగ్గం సరుకు మొత్తం వెనక్కి ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత ముదురు రంగు చీర ఏదైనా సరే, అమ్మే ముందే తెల్ల జేబురుమాలు తడిపి కొంగు మూల రుద్ది కొనేవాళ్లకు చూపడం మాకు నియమం అయింది. రుమాలుకు రంగు అంటుకుంటే ఆ మాట మేమే చెప్పేవాళ్లం: “అమ్మా, ఇది దిగుతుంది. మొదటి రెండు ఉతుకులు విడిగా వేయండి. అది కుదరదంటే వేరేది చూపిస్తాను.” సగం మంది అదే చీర తీసుకునేవారు. మళ్లీ ఫిర్యాదుతో వచ్చేవారు కాదు.

ఇప్పుడు కొన్నిచోట్ల చీర అడిగితే ముందు “ఎంతలో చూపించమంటారు?” అంటున్నారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంట్లో డబ్బు సర్దుబాటు చేసుకుని వచ్చిన మనిషి పదిమంది ముందు ఆ అంకె బయటకు చెప్పాలా? రెండు వేలది ఒకటి, ఐదు వేలది ఒకటి పక్కపక్కన పరిస్తే చేయి ఏ వైపు వెళ్తుందో చూస్తే తెలిసిపోతుంది.

మీ బిందె విషయానికి వస్తే, పూర్వం కారే బిందెకు మాటు వేసేవాళ్లు వీధుల్లో తిరిగేవారు, ఇంటి ముందే కూర్చుని బాగుచేసి పోయేవారు. ఇప్పుడు వాళ్లు లేరు. కాబట్టి బాగుచేయించే బాధ్యత కూడా అమ్మినవారి మీదే పడుతుంది. అది బరువే అయినా మోయక తప్పదు.

---

పుత్తూరు నుంచి

అక్కా, పై సమాధానాలన్నీ చదివాను. అందరూ యజమాని వైపు నుంచో, కొనేవాళ్ల వైపు నుంచో రాశారు. పెద్దాయన ఒక్కరే పనివాడి సంగతి తలిచారు. నేను తిరుపతిలో ఒక పెద్ద బట్టల దుకాణంలో ఐదేళ్లుగా పని చేస్తున్నాను. పేరు చెప్పను. మా వైపు నుంచి కూడా వినండి.

పొద్దున ఏడున్నరకు పుత్తూరులో బస్సు ఎక్కుతాను. తొమ్మిదిన్నరకు వేలిముద్ర వేయాలి. రాత్రి తొమ్మిదికి బయటపడతాను. మధ్యలో భోజనానికి అరగంట. మిగతా సమయమంతా నిలబడే ఉండాలి. కొనేవాళ్లు ఎవరూ లేకపోయినా కూర్చోకూడదు. కూర్చుంటే కెమెరాలో కనిపిస్తుంది, మైకులో పిలుస్తారు. సాయంత్రం ఆరు దాటాక చీర విప్పమంటే నా ముఖంలో చిరాకు కనిపిస్తే, అది వాళ్ల మీద కోపం కాదు, మడమల్లో నొప్పి. మా అంతస్తులో ఇద్దరు అమ్మాయిలకు కాళ్ల నరాలు ఉబ్బాయి. నవ్వుతూ పలకరించడం నేర్పడానికి మాకు రెండు రోజులు తరగతులు పెట్టారు. ఒక స్టూలు వేయమని అడిగితే వినలేదు.

కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల ఆడవాళ్లు ఈ కూర్చునే హక్కు కోసమే పోరాడారు. 2018లో అక్కడ దుకాణాల చట్టాన్ని సవరించారు. 2021లో తమిళనాడు కూడా సిబ్బందికి కూర్చునే వీలు కల్పించాలని చట్టంలో చేర్చింది. మా పుత్తూరు నుంచి నగరి దాటితే తమిళనాడే. తిరుత్తణిలో ఉద్యోగం చేసే మా పిన్ని కూతురికి వేసిన స్టూలు నాకు లేదు.

ఇక వాపసు సంగతి. చీర అమ్మితే నాకు కొంత అదనంగా వస్తుంది. ఆగిపోయిన సరుకు అమ్మితే ఇంకొంచెం ఎక్కువ. ఆ చీర వెనక్కి వస్తే నాకు ఇచ్చింది కోసేస్తారు. ఇప్పుడు చెప్పండి, తప్పు నాది కాదని తెలిసినా, వెనక్కి తెచ్చిన మనిషిని చూడగానే నాకు ఏమనిపిస్తుంది? ఆమెను ఎలాగైనా పంపించేయాలనే అనిపిస్తుంది. అలా పంపిన రోజు రాత్రి బస్సులో నిద్ర పట్టదు. మా అమ్మ కూడా అలాగే సంచి పట్టుకుని ఎక్కడో ఒక కౌంటరు ముందు నిలబడి ఉంటుంది కదా అనిపిస్తుంది.

అక్కా, మీ పనివాడు ఎందుకు వద్దన్నాడో మీరు అతన్ని అడిగారు, అతను ఒక కారణం చెప్పాడు. మీరు ఊరుకున్నారు. ఇంకొకసారి అడగండి. పాత్ర వెనక్కి తీసుకుంటే అతని జీతంలో ఏమైనా పోతుందా? అది కనుక్కోండి ముందు.

---

స్టీలుసామాను, తిరుపతి

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఏమీ రాయలేకపోయాను, క్షమించండి.

పుత్తూరు చెల్లెలు రాసింది చదివిన రాత్రే మా పనివాడిని కూర్చోబెట్టి అడిగాను. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి, అన్నా అని పిలుస్తాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత చెప్పాడు. నేను హాస్టల్లో చదువుకునే రోజుల్లో నాన్న సరుకు కోసం చెన్నై వెళ్లినప్పుడు, మూత సరిగ్గా బిగుసుకోని కుక్కరును అతను వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చి పంపాడట. హోల్‌సేల్ వ్యాపారి ఆ కుక్కరును తీసుకోలేదు. నాన్న ఆ ఆరు వందల రూపాయలు రెండు నెలల జీతంలో కోశారట. “అప్పటినుంచి నేను ఏదీ తీసుకోలేదమ్మా” అన్నాడు. అన్నేళ్లలో ఎంతమంది ఆ మెట్లు దిగి వెళ్లిపోయారో నేను లెక్క వేయలేను.

మేడ మీదికి వెళ్లి నాన్నను అడిగాను. ఆయనకు ఆ కుక్కరు గుర్తే లేదు. ఆరు వందల మాట చెప్పగానే కాసేపు నేల వైపు చూసి, “అప్పట్లో అందరూ కోసేవాళ్లు” అన్నారు. మర్నాడు పొద్దున పిలిచి ఆ డబ్బు నా చేతిలో పెట్టి అతనికి ఇమ్మన్నారు. అతను తీసుకోవడానికి ఇష్టపడలేదు. కిందికి దిగి తానే ఇవ్వాలని నాన్న చూశారు, మెట్లు దిగలేకపోయారు. చివరికి అతనే మేడ మీదికి వెళ్లి తీసుకున్నాడు.

కోర్టువీధి వారూ, బిల్లు పుస్తకం మార్చాను. ‘లోపం ఉన్న పాత్రను 30 రోజుల్లో తెస్తే మారుస్తాం, లేదా డబ్బు ఇస్తాం’ అని వేయించాను. చర్చివీధి అన్నా, గృహప్రవేశం గుండిగలు మాకూ వస్తాయి, అడుగు నల్లగా మాడి ఉంటుంది. వాటిని తీసుకోవడం లేదు, ఆ మాట బోర్డు మీదే రాశాను. పెద్దాయన చెప్పినట్టు పనివాళ్లకు ఐదు వందల రూపాయల వరకు సొంత నిర్ణయం ఇచ్చాను. మొదటి రెండు రోజులు ఎవరూ దాన్ని వాడలేదు, నమ్మకం కుదరలేదనుకుంటాను. మూడో రోజున చిన్న కుర్రాడు ఒక టిఫిన్ క్యారియర్ గొళ్లెం మార్చి ఇచ్చి, నా వైపు చూశాడు. తల ఊపాను. స్టూళ్లు నాలుగు కొన్నాను. నా కుర్చీ ఒక్కటే ఇన్నాళ్లు అంగడిలో ఉందని అప్పుడే గమనించాను.

ఆమెను వెతికాను. పెళ్లి సామాను చేరవేసిన ఆటో డ్రైవరుకు ఊరు గుర్తుంది, చంద్రగిరి దాటి లోపలికి వెళ్లాలి. చెక్కే ఆయన పేర్లు రాసుకున్న చీటీలు పారేయడు, ఇనుప తీగకు గుచ్చి ఉంచుతాడు. అందులో కూతురి పేరు ఆ తల్లి చేతిరాతలోనే దొరికింది. కొత్త బిందెకు రాత్రంతా నీళ్లు పోసి ఉంచి, పొద్దున తుడిచి, ఆ చీటీ చూసి పేరు చెక్కించాం. అన్నను కూడా వెంట తీసుకెళ్లాను.

ఆమె మమ్మల్ని చూసి మొదట భయపడింది. ఇంకా ఏదైనా బాకీ ఉందేమో అనుకుందట. కారే బిందె వంటింటి మూలలో ఉంది, నిండా బియ్యం పోసి పెట్టుకుంది. కూతురు అత్తారింటికి వెళ్లేటప్పుడు దాని బదులు తాను కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి బిందెను తోమి పంపింది. కొత్త బిందెను ఒళ్లో పెట్టుకుని పేరు మీద వేలితో రెండుసార్లు తడిమి చూసింది. వచ్చే ఆదివారం కూతురు వస్తుందని, అప్పుడు ఇచ్చి పంపుతానని చెప్పింది. పాత బిందెను మేం తెచ్చేసుకోబోతే, “బియ్యానికి అలవాటైపోయింది, ఉండనివ్వండి, దాని డబ్బు ఇస్తాను” అంది. డబ్బు తీసుకోలేదు. మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అన్న అన్నాడు, ఇకనుంచి ఏ బిందెకైనా ముందు నీళ్లు పోసి చూశాకే పేరు చెక్కిద్దామని. చెక్కే ఆయన కూడా సరేనన్నాడు. నిన్న అంగడి వెనక కొళాయి దగ్గర పన్నెండు బిందెలు నింపి ఉంచాం. పొద్దున చూస్తే ఒకదాని కింద నేల తడిసి ఉంది. అతుకు దగ్గర సుద్దతో గీత పెట్టి దాన్ని హోల్‌సేల్ వ్యాపారికి పంపిస్తున్నాను. తిరుగు సరుకు పుస్తకంలో మొదటి పేజీ మీద దాన్నే రాశాం.